క్రియాటినిన్ 1.1: కిడ్నీ జబ్బును తేల్చడానికి ఏ పరీక్షను ఎప్పుడు ఎంచుకోవాలి

ఒకే రోజు నా దగ్గరికి వచ్చిన ఇద్దరి రిపోర్టుల్లోనూ క్రియాటినిన్ 1.1 అని ఉంది. ఒకరు మర్రిగూడ వైపు నుంచి వచ్చిన 68 ఏళ్ల అవ్వ. నడుము వంగిపోయింది, మోకాళ్లు చాపుకోలేదు, చేతులు పుల్లల్లా ఉన్నాయి. రెండోవాడు పోలీసు ఉద్యోగానికి తయారవుతున్న 25 ఏళ్ల యువకుడు. రోజూ తెల్లవారుజామున నల్గొండ మైదానంలో పరుగులు తీస్తాడు. ఇద్దరి కాగితాల మీదా ల్యాబు వాళ్లు ఒకే హద్దు అచ్చువేశారు: 0.6 నుంచి 1.2. ఇద్దరికీ ‘నార్మల్’.

ఆ అంకెను వయసు, ఆడా మగా అన్న వివరాలతో కలిపి సూత్రంలో పెడితే యువకుడి కిడ్నీల వడపోత వేగం నిమిషానికి సుమారు 95 మిల్లీలీటర్లు, అవ్వది 55. అతనిది నిండు ఆరోగ్యం. అవ్వది కిడ్నీ జబ్బు మూడో దశ గడప. ‘నార్మలే కదా డాక్టరమ్మా’ అని అవ్వ కొడుకు ధీమాగా అడిగినప్పుడు నాకు కలిగిన బాధే ఈ వ్యాసానికి కారణం. నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో రిపోర్టుల సంచి పట్టుకుని తిరిగే కుటుంబాల కోసం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కొత్తగా చేరిన వైద్యుల కోసం రాస్తున్నాను. కిడ్నీ జబ్బును పట్టుకునే పరీక్షలు చాలానే ఉన్నాయి. ఎవరికి ఏది సరిపోతుంది, ఏది ఎక్కడ మోసం చేస్తుంది అన్నది తెలిస్తే డబ్బూ మిగులుతుంది, కిడ్నీ కూడా.

క్రియాటినిన్ అంకె కావాలా, ఈజీఎఫ్‌ఆర్ కావాలా

ఇక్కడ నాకు ఎలాంటి ఊగిసలాటా లేదు. ఈజీఎఫ్‌ఆర్ అంటే ఇందాక చెప్పిన వడపోత వేగపు అంచనా. అది లేని క్రియాటినిన్ రిపోర్టును సగం రిపోర్టుగానే చూడండి. క్రియాటినిన్ కండరాల నుంచి పుట్టే వ్యర్థం. కండ ఎక్కువున్నవాడికి ఎక్కువ పుడుతుంది, ఎండిపోయిన ఒంట్లో తక్కువ పుడుతుంది. పైగా కిడ్నీ పని దాదాపు సగం తగ్గేదాకా ఆ అంకె ల్యాబు హద్దులోనే తిరుగుతూ ఉండగలదు. ఈజీఎఫ్‌ఆర్ కోసం వేరే రక్తం ఇవ్వనక్కరలేదు. అదే అంకె, పక్కన వయసు, లింగం. ఫోనులో లెక్క కట్టుకోవచ్చు.

సూత్రాలు మాత్రం ఒకటి కాదు. 1976 నాటి కాక్‌క్రాఫ్ట్–గాల్ట్ సూత్రంలో బరువు కూడా అడుగుతారు. కొన్ని మందుల మోతాదు నిర్ణయించడానికి దాన్ని ఇప్పటికీ వాడతారు గానీ జబ్బు దశను రాయడానికి అది వద్దు. 1999లో వచ్చిన ఎండీఆర్‌డీ సూత్రం వడపోత 60 పైన ఉన్నవారి పనితీరును తక్కువగా చూపిస్తుంది. ఆరోగ్యవంతులను కూడా రోగుల వరుసలో నిలబెడుతుందన్నమాట. 2009లో వచ్చిన సీకేడీ–ఈపీఐ సూత్రం దానికన్నా మెరుగు. దాన్నే జాతి ప్రస్తావన తీసేసి 2021లో సవరించారు. పైన నేను వేసిన లెక్కలు ఆ 2021 సూత్రంతో వేసినవే. కొత్త సూత్రం మన వాళ్లకు పాతదానికన్నా కొంచెం పెద్ద అంకె ఇస్తుంది. అందుకే నిరుటి రిపోర్టులో 57, ఈసారి 60 అని చూసి జబ్బు తగ్గిందని సంబరపడేముందు, రెండుసార్లూ ఏ సూత్రం వాడారో అడగండి.

ల్యాబు కూడా మారకుండా చూసుకోండి. క్రియాటినిన్‌ను కొలవడానికి జాఫే పద్ధతి ఒకటి, ఎంజైమ్ పద్ధతి ఒకటి. కామెర్లున్నప్పుడూ, షుగరు బాగా పెరిగి కీటోన్లు వచ్చినప్పుడూ, కొన్ని యాంటీబయాటిక్‌లు వాడుతున్నప్పుడూ జాఫే పద్ధతి తడబడుతుంది. ఎంజైమ్ పద్ధతి దొరికితే అదే మేలు. దొరకకపోతే కనీసం ప్రతిసారీ ఒకే చోట చేయించండి. ఇంకో మాట: దసరా మరునాడు పొద్దున్నే రక్తం ఇవ్వడానికి వచ్చేవాళ్లను నేను వెనక్కి పంపుతాను. వండిన మాంసం కడుపు నిండా తింటే ఆ కొన్ని గంటలు క్రియాటినిన్ పెరుగుతుంది. పరీక్షకు ముందు 12 గంటలు మాంసం మానితే చాలు.

మూత్రం: అందరూ వదిలేసే సగం

కిడ్నీ పరీక్ష అనగానే మన దగ్గర రక్తమే గుర్తొస్తుంది. నా దగ్గరికి వచ్చే పది సంచుల్లో తొమ్మిదింట్లో క్రియాటినిన్ కాగితాలు గుట్టగా ఉంటాయి. మూత్రంలో ఆల్బుమిన్ (రక్తంలోనే ఉండిపోవాల్సిన ప్రోటీను) కొలిచిన కాగితం కనబడదు. షుగరు రోగికి కిడ్నీ దెబ్బ తినడం చాలాసార్లు అక్కడే మొదట తెలుస్తుంది. ఈజీఎఫ్‌ఆర్ 90 దాటి ఉన్నా ఆల్బుమిన్ కారుతూ ఉండవచ్చు. మందులతో మేలు ఎక్కువగా చేయగలిగేది కూడా ఆ దశలోనే.

ఎంపికలు మూడు. ఒకటి పుల్ల పరీక్ష. పట్టీని ముంచి రంగు చూడటం. చౌక, నిమిషంలో అయిపోతుంది. అయితే అది చూపేది ఆ క్షణాన మూత్రం ఎంత చిక్కగా ఉందో దాని మీద ఆధారపడుతుంది. మే నెల ఎండలో ఉపాధి పనికి వెళ్లొచ్చి నీళ్లు తాగని మనిషికి లేని జబ్బు చూపవచ్చు. పరీక్షకు ముందు ఎవరో చెప్పారని రెండు సీసాల నీళ్లు తాగొచ్చిన మనిషికి ఉన్న జబ్బును దాచవచ్చు. రెండోది 24 గంటల మూత్రం పట్టడం. పుస్తకాల్లో గొప్పదే. ఆచరణలో మాత్రం, ఊరి నుంచి బస్సులో డబ్బా మోసుకొచ్చే మనిషి మధ్యలో ఒక్కసారి పట్టడం మరిచినా లెక్కంతా తప్పుతుంది. నేను దాదాపు మానేశాను.

మూడోది యూఏసీఆర్. ఒకే నమూనాలో ఆల్బుమిన్‌ను, క్రియాటినిన్‌ను కొలిచి నిష్పత్తి తీస్తారు. నీళ్లు ఎక్కువ తాగినా తక్కువ తాగినా రెండూ కలిసే పలచబడతాయి, కలిసే చిక్కబడతాయి. అందుకే నిష్పత్తి నిలకడగా ఉంటుంది. పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రం అయితే ఇంకా మంచిది. గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఏ1, 30 నుంచి 300 వరకు ఏ2, 300 దాటితే ఏ3. షుగరు, బీపీ ఉన్న ప్రతి ఒక్కరికీ ఏడాదికి ఒకసారి ఈజీఎఫ్‌ఆర్, యూఏసీఆర్ రెండూ జంటగా చేయించాలి. ఒకదానికే డబ్బులున్నాయని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రాలు 2021 నుంచి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనూ ఉన్నాయి. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన నమూనాలను అక్కడ ఉచితంగా పరీక్షిస్తారు. మీ ఆరోగ్య కేంద్రం వైద్యుడిని అడగండి.

జ్వరం ఉన్నప్పుడూ, మూత్రంలో మంట ఉన్నప్పుడూ, నెలసరి రోజుల్లోనూ, గట్టిగా వ్యాయామం చేసిన రోజునా యూఏసీఆర్ ఇవ్వకండి. పరుగులు తీసే మా యువకుడికి మొదటిసారి 48 వచ్చింది. వారం రోజులు పరుగు ఆపి మళ్లీ ఇస్తే 9. అతనికి జబ్బు లేదు. జిమ్‌కు వెళ్తూ క్రియాటిన్ పొడి తాగే కుర్రవాళ్లు క్రియాటినిన్ 1.4 చూసుకుని కన్నీళ్లతో వస్తుంటారు. వాళ్లకు కూడా ముందు పొడి ఆపి, కొన్ని వారాల తర్వాత మళ్లీ చూడటమే సరైన పని.

రెండు చౌక పరీక్షలూ కలిసి మోసం చేసే చోటు

నేను మనసు పెట్టి చెప్పదలచుకున్నది ఇదే. ఎందుకంటే ఇది మన జిల్లాల సంగతి.

మిషన్ భగీరథ నల్లాలు రాకముందు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరం ఇంకా మన మధ్యే ఉంది. ఎముకలు బిగుసుకుపోయిన వాళ్లకు నొప్పి రోజువారీ కూలీలాంటిది, తప్పదు. ఆ నొప్పికి ఊళ్లో దొరికేది డైక్లోఫెనాక్ సూది, లేదా మెడికల్ షాపులో విడిగా కొనే గోళీలు. వారానికి రెండు మూడు చొప్పున ఏళ్ల తరబడి. ఇలాంటి మందుల వల్ల ఎక్కువగా దెబ్బ తినేది కిడ్నీలోని జల్లెడ కాదు, దాని చుట్టూ ఉండే గొట్టాలూ, వాటి మధ్య కణజాలమూ. జల్లెడ బాగానే ఉంటుంది కాబట్టి ఆల్బుమిన్ పెద్దగా కారదు. యూఏసీఆర్ ‘బాగుంది’ అంటుంది. మరోవైపు, సరిగ్గా కదలలేక కండ కరిగిపోయిన మనిషి కాబట్టి క్రియాటినిన్ తక్కువ పుడుతుంది. ఈజీఎఫ్‌ఆర్ ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. అంటే నేను ఇంతసేపు మెచ్చుకున్న రెండు పరీక్షలూ ఈ ఒక్క మనిషి విషయంలో ఒకేవైపు తప్పుతాయి.

ఇలాంటి చోట ఖర్చు పెట్టాల్సింది సిస్టాటిన్ సి పరీక్ష మీద. ఇది ఒంట్లోని దాదాపు అన్ని కణాల నుంచీ వచ్చే ప్రోటీను. కండతో దీనికి పెద్దగా సంబంధం లేదు. అవ్వకు చేయిస్తే 1.7 వచ్చింది. ఆ లెక్క ప్రకారం ఈజీఎఫ్‌ఆర్ 35. క్రియాటినిన్ చెప్పింది 55. రెంటినీ కలిపి వేసే 2021 సూత్రంతో 43. కేడిగో అనే అంతర్జాతీయ కిడ్నీ సంస్థ 2024 మార్గదర్శకాలు కూడా, కండ తక్కువ ఉండి క్రియాటినిన్‌ను నమ్మలేని చోట ఈ కలిపిన లెక్కనే వాడమంటాయి. విడివిడిగా ఏ ఒక్కదానికన్నా ఇది నిజానికి దగ్గరగా ఉంటుంది.

అందరికీ సిస్టాటిన్ సి రాయడం మాత్రం తప్పు. క్రియాటినిన్‌తో పోలిస్తే చాలా ఖరీదు. చిన్న పట్టణాల్లో నమూనాను హైదరాబాద్ పంపాలి. థైరాయిడ్ జబ్బు, స్టెరాయిడ్ మందులు, పొగతాగే అలవాటు, ఊబకాయం, ఒంట్లో లోలోపలి మంట (ఇన్‌ఫ్లమేషన్) ఉన్నవారిలో అది కూడా దారి తప్పుతుంది. నేను ఎవరికి రాస్తానంటే: బాగా చిక్కిన వృద్ధులకు, పక్షవాతంతో మంచాన పడ్డవారికి, కాలు తీసేసినవారికి, బాగా కండలు పెంచినవారికి, ఇంకా క్రియాటినిన్ లెక్క 45 నుంచి 59 మధ్య ఉండి మూత్రంలో ఏమీ లేక జబ్బుందో లేదో తేలనివారికి. షుగరుతో ఆల్బుమిన్ 800 కారుతున్న మనిషికి సిస్టాటిన్ కొత్తగా చెప్పేది తక్కువ. ఆ డబ్బు మందులకు ఉంచుకోమంటాను.

స్కానింగ్‌లో ‘గ్రేడ్ 1’ అంటే మొదటి దశ కాదు

ఈ ఒక్క అపోహ వల్ల నిద్ర పోగొట్టుకున్న కుటుంబాలు ఎన్నో. అల్ట్రాసౌండ్ రిపోర్టులో ‘గ్రేడ్ 1’, ‘గ్రేడ్ 2’ అని రాసేది కిడ్నీ తెరమీద ఎంత తెల్లగా కనిపించిందో చెప్పే మాట. జబ్బు దశకు అది కొలత కాదు. చూసే కన్నును బట్టి, యంత్రాన్ని బట్టి మారుతుంది. గ్రేడ్ 1 అని రాసి ఉన్నా ఈజీఎఫ్‌ఆర్ 20 ఉన్నవాళ్లను చూశాను, 100 ఉన్నవాళ్లనూ చూశాను.

మరి స్కానింగ్ ఎందుకు? సైజు కోసం, ఆకారం కోసం. పెద్దవాళ్ల కిడ్నీ మామూలుగా 9 నుంచి 12 సెంటీమీటర్లు. రెండూ చిన్నవైపోయి, పొర పలచబడితే జబ్బు పాతదని అర్థం. రాయి అడ్డుపడి కిడ్నీ ఉబ్బితే, ప్రొస్టేటు వల్ల మూత్రం నిలిచిపోతే, వంశపారంపర్యంగా నీటి బుడగలు ఉంటే అన్నీ ఇక్కడే తెలుస్తాయి. అడ్డు తీసేస్తే కోలుకునే కిడ్నీని గుర్తుపట్టడం కన్నా గొప్ప లాభం ఇంకేముంటుంది? ఒక్క జాగ్రత్త: షుగరు వల్ల పాడైన కిడ్నీ చాలాకాలం మామూలు సైజులోనో, ఇంకా పెద్దగానో ఉంటుంది. సైజు బాగుందని భరోసా పడకూడదు.

బయాప్సీ కొద్దిమందికే. ప్రోటీను బాగా పోతూ కారణం తెలియనప్పుడు, మూత్రంలో రక్తకణాలు కనిపిస్తూ పనితీరు వారాల్లో పడిపోతున్నప్పుడు కిడ్నీ నిపుణులు నిర్ణయిస్తారు. కుంచించుకుపోయిన కిడ్నీకి సూది గుచ్చితే ప్రమాదం ఎక్కువ, తెలిసేది తక్కువ.

మూడు నెలల సంగతి

దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అన్న పేరు పెట్టాలంటే ఈజీఎఫ్‌ఆర్ 60 లోపు గానీ, కిడ్నీ దెబ్బ తిన్న గుర్తు గానీ కనీసం మూడు నెలలకు పైగా ఉండాలి. 2002లో అమెరికా కిడ్నీ ఫౌండేషన్ ఇచ్చిన నిర్వచనంలోనూ ఇదే గడువు, ఇవాళ్టి కేడిగోలోనూ ఇదే. పాలమూరు నుంచి పుణె, ముంబై పనులకు వెళ్లి, వాంతులూ విరేచనాలతో తిరిగొచ్చిన కూలీకి క్రియాటినిన్ 2.8 ఉందనుకోండి. అది ఎండిపోయిన ఒంటి కేక కావచ్చు. సెలైన్ ఎక్కించి, నొప్పి మాత్రలు ఆపితే వారంలో దిగిపోవచ్చు. అతనికి ఆ రోజే ‘నాలుగో దశ’ అని రాసి పంపితే అతను ఉన్న ఎకరం అమ్మకానికి పెడతాడు. అలా చెప్పించుకుని వచ్చిన మనిషిని నేను చూశాను.

మూడు నెలలు ఆగడం ఒక దారి. పాత రిపోర్టు వెతకడం ఇంకో దారి. నేను రెండోదాన్నే ముందు ఎంచుకుంటాను. కంటి శుక్లాల ఆపరేషన్‌కు ముందు, గర్భసంచి తీసినప్పుడు, డెంగ్యూ జ్వరానికి చేరినప్పుడు క్రియాటినిన్ చేయించే ఉంటారు. బియ్యం డబ్బా వెనకో, పెట్టె అడుగునో ఆ కాగితం ఉంటుంది. రెండేళ్ల నాటి ఒక్క చీటీ ఇవాళ్టి నాలుగు పరీక్షలకు సమానం. అంకె వేగంగా పెరుగుతున్నా, మూత్రం తగ్గిపోయినా, ఒళ్లు వాచినా మాత్రం మూడు నెలలూ వద్దు, మూడు రోజులూ వద్దు. వెంటనే పెద్దాసుపత్రికి.

పేరు ఎలా రాయాలి

‘స్టేజ్ 3’ అని మాత్రమే రాసే అలవాటు మనం వదులుకోవాలి. 2012 కేడిగో వర్గీకరణలో మూడు భాగాలున్నాయి: కారణం, వడపోత, ఆల్బుమిన్. వడపోతలో 90, ఆ పైన జీ1. 60–89 జీ2. 45–59 జీ3ఏ. 30–44 జీ3బీ. 15–29 జీ4. 15 లోపు జీ5. జీ1, జీ2 ఉన్నంత మాత్రాన జబ్బు కాదు. ఆల్బుమిన్ గానీ, స్కానింగ్‌లో లోపం గానీ, మూత్రంలో కిడ్నీ నుంచి వచ్చే రక్తం గానీ తోడుండాలి.

ఆల్బుమిన్ అక్షరం పక్కన చేరితే బొమ్మ ఎంత మారుతుందో చూడండి. ఇద్దరికీ ఈజీఎఫ్‌ఆర్ 50. ఒకరు జీ3ఏ–ఏ1: ఏడాదికి ఒకసారి చూపించుకుంటే చాలు. మరొకరు జీ3ఏ–ఏ3: ప్రమాదం పట్టికలో ఎర్ర గడి. ఏడాదికి మూడుసార్లు చూడాలి, నిపుణుడి దగ్గరికి వెళ్లాలి. పాత పద్ధతిలో ఇద్దరూ ‘స్టేజ్ 3’ అనే ఒకే చీటీతో ఇంటికి వెళ్లేవారు. వయసు, లింగం, ఈజీఎఫ్‌ఆర్, యూఏసీఆర్ అనే నాలుగింటితో రాబోయే ఐదేళ్లలో కిడ్నీ పూర్తిగా ఆగిపోయే అవకాశం ఎంతో చెప్పే కేఎఫ్‌ఆర్‌ఈ లెక్క కూడా ఉంది. అది 3 నుంచి 5 శాతం దాటితే నిపుణుడికి పంపమని కేడిగో చెబుతుంది. 30 లోపు ఈజీఎఫ్‌ఆర్ ఉన్నవారిని లెక్కతో పనిలేకుండానే పంపాలి.

కారణం గడిలో నాకు చాలా పట్టింపు. నల్గొండ మనిషి కాబట్టి ‘ఫ్లోరైడ్ వల్ల’ అని రాసేయడం, శ్రీకాకుళం ఉద్దానం వార్తలు చదివి ‘అలాంటిదే’ అని రాసేయడం రెండూ తప్పే. పాడైన కిడ్నీ ఫ్లోరైడ్‌ను బయటికి పంపలేక ఒంట్లో మరింత పేర్చుకుంటుందన్నది నిజం. అది కారణాన్ని తేల్చినట్టు కాదు. షుగరు ఎన్నేళ్లుగా ఉంది, కంటి నరాల పరీక్షలో ఏముంది, బీపీ ముందు వచ్చిందా కిడ్నీ జబ్బు ముందు వచ్చిందా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, నెలకు ఎన్ని నొప్పి గోళీలు? ఈ ప్రశ్నలకు ఖర్చు లేదు. 2007లో ఆరోగ్యశ్రీ తొలిసారి మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. ఆ పథకం కింద డయాలసిస్ యంత్రం దాకా మనిషిని తీసుకెళ్లే దారి మన దగ్గర ఉంది. అక్కడిదాకా వెళ్లకుండా ఆపే ఈ ప్రశ్నలు అడగడానికి ఓపీలో మనకు సమయం దొరకడం లేదు. అది నన్ను రోజూ నలిపేస్తుంది.

అవ్వ కొడుకు రెండేళ్ల కిందటి కంటి ఆపరేషన్ కాగితం వెతికి తెచ్చాడు. క్రియాటినిన్ 1.0. అప్పటి లెక్క 62. స్కానింగ్‌లో కిడ్నీలు 8.2, 8.0 సెంటీమీటర్లు, అంచులు ఎగుడుదిగుడు. యూఏసీఆర్ 22. షుగరు లేదు, బీపీ లేదు. సూదులు ఎప్పటి నుంచి అంటే ‘మా చిన్నోడి పెండ్లికి ముందు నుంచి బిడ్డా’ అంది. పెళ్లై పన్నెండేళ్లు. సూదులూ గోళీలూ ఆపించి, పారాసిటమాల్, వేడి కాపడం రాశాను. మూడు నెలల తర్వాత రక్తం, మూత్రం మళ్లీ పరీక్షిస్తే అంకెలు అక్కడే నిలిచాయి. చీటీ మీద ఇలా రాశాను: ‘దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు. కారణం: ఏళ్ల తరబడి నొప్పి మందులు కావచ్చు. జీ3బీ–ఏ1. ఈజీఎఫ్‌ఆర్ 43, క్రియాటినిన్, సిస్టాటిన్ కలిపి. ఏడాదికి రెండుసార్లు చూడాలి. డైక్లోఫెనాక్ ఇవ్వరాదు.’ ఆఖరి వాక్యం కింద ఎర్ర పెన్నుతో గీత గీశాను. కొడుకు ఆ చీటీని ఫొటో తీసుకుని, ఊళ్లో సూది వేసే ఆయనకు నా ముందే పంపాడు.